అత్త కుట్టేసిన పేజీలు

నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబులో రోజూ పొద్దున ఏడింటికి నేల తుడిచే ఆవిడ బకెట్లో ఫినాయిలు వంచుతుంది. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, వరండా పొడవునా ఆ ఘాటు పాకుతుంది, నా తోటివాళ్ళు కొంగులూ చేతిరుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం చేతిలో ఉన్న రక్తపు సీసాలను స్టాండులో పెట్టి ఒక్క క్షణం నిలబడిపోతాను. నాకది ఆసుపత్రి వాసన కాదు. ముదలియార్‌పేటలో మా వీధి చివర ఉండిన సినిమా హాలు వాసన. అక్కడ ఆటకూ ఆటకూ నడుమ నేల కడిగి చల్లిన ఫినాయిలు, ఉడికించిన వేరుశనక్కాయల ఆవిరి, గోడల్లోకి ఇంకిపోయిన బీడీ పొగ, ఆడవాళ్ళ తలల్లో ఉక్కకు వాడిన మల్లెపూలు, ఇవన్నీ కలిసి ఒక్కటే వాసనగా తలుపు తెరవగానే మొహానికి కొట్టేవి. నా జీవితంలో నేను మొదటిసారి గొంతు విప్పి ఏడ్చింది ఆ వాసనలోనే.

మా ఇల్లు మిల్లు గోడకు రెండు వీధుల ఇవతల, రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు తిన్నె, దాని వెనక ఒకే ఒక గది, ఆ వెనక వంటిల్లు, ఇంకా వెనక బావీ మునగచెట్టూ. మిల్లు కూతను బట్టే మా వీధిలో ఎసరు పొయ్యి ఎక్కేది, పిల్లలు బడికి పరుగులు తీసేవాళ్ళు, మగవాళ్ళు జుట్టులో దూదిపింజలతో ఇళ్ళకు తిరిగొచ్చేవాళ్ళు. నాయన కూడా అలాగే వచ్చేవాడు. తలుపు దగ్గరే చొక్కా విప్పి దులిపితే ఎండలో దూది తెల్లటి దోమల్లా ఎగిరేది. మేము తరతరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళం. ఎప్పుడొచ్చామో, ఏ ఊరి నుంచి వచ్చామో చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో మిగల్లేదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఆ లోపలి తెలుగులో కూడా సగం తమిళమే ఉందని, యానాం నుంచి ఉద్యోగానికి వచ్చి నన్ను పెళ్ళాడిన మా ఆయన నవ్వేదాకా నాకు తెలియదు. ఈ అక్షరాలు కూడా ముప్పయ్యేళ్ళు దాటాక ఆయన దగ్గర దిద్దుకున్నవే. చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు.

నాకు ఏడో ఏడు నడుస్తుండగా అమ్మకు జ్వరం వచ్చింది. వారం ఇంట్లో ఉంది, తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను విల్లియనూరులో బంధువుల ఇంటికి పంపించేశారు. అక్కడ అప్పుడు తేరు ఉత్సవం. వీధి నిండా బొరుగుల మూటలు, చెరుకు గడలు, కొబ్బరికాయలు పగిలిన నీళ్ళతో జారే నేల. ఎవరు నన్ను చూసినా ఒక మిఠాయి ముక్క చేతిలో పెట్టి తల నిమిరేవాళ్ళు. అంతమంది ఎందుకంత ప్రేమగా ఉన్నారో నాకు అర్థం కాలేదు, కానీ మిఠాయి తిన్నాను. ఆ సంగతి తలచుకుని చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను.

తిరిగి వచ్చేసరికి దండెం మీద అమ్మ చీరలు లేవు. నాయన గడ్డం పెరిగిపోయి తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. వంటింట్లో కమలత్త ఉంది. కమలత్త నాయనకు అక్క. పెళ్ళయిన ఏడాదికే భర్తను పోగొట్టుకుని, కారైక్కాలులో జాకెట్లు కుట్టుకుంటూ బతికేది. ఇప్పుడు కుట్టుమిషనుతో సహా మా ఇంటికి వచ్చేసింది.

"అత్తా, అమ్మ యాడ?" అని అడిగాను.

అత్త పొయ్యిలోకి చూస్తూ, "ఊరికి పోయినాది పాప్పా. వస్తాది," అంది.

తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అమ్మ మాట ఎత్తలేదు. బళ్ళో పిల్లలు మీ అమ్మ చచ్చిపోయిందంట కదా అనేవాళ్ళు. ఇంట్లో అత్త వస్తాది అంది. ఈ రెండు మాటలూ నాలో పక్కపక్కనే ఉండేవి, ఒకదాన్నొకటి తాకకుండా. నమ్మానని చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. ఒకటి మాత్రం గట్టిగా తెలుసు: నేను ఏడవకూడదు. ఏడిస్తే అమ్మ రాదని ఒప్పుకున్నట్టే. అందుకని ఏడవలేదు. వీధిలో వాళ్ళు అబ్బ, ఎంత గట్టి పిల్లో అని మెచ్చుకునేవాళ్ళు.

కమలత్త సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పెదవుల మధ్య రెండు గుండుసూదులతో ఉండేది. ఆమె మెడలో పూసలకు బదులు కొలతల టేపు వేలాడేది. అయిదో తరగతి దాకా చదువుకున్నా తమిళం గుక్క తిప్పుకోకుండా చదివేది. కిరాణా కొట్టు వాడు పప్పు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదివాకే పారేసేది. ఒక వేసవిలో ఆదివారం సంతకు దారపు ఉండల కోసం వెళ్ళి, అక్కడ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పలోంచి అట్ట ఊడిన ఒక పిల్లల పుస్తకం తెచ్చింది. తమిళ పుస్తకం. దాని పేరును తెలుగులో చెబితే 'ఏడు అలల కోట'.

ఆ వేసవి మధ్యాహ్నాలు నాకింకా ఒంటి మీద ఉన్నట్టే ఉంటాయి. తారు రోడ్డు మీద చెప్పు అతుక్కునేంత ఎండ, బావి గట్టున నీడ కోసం పడుకున్న కుక్క, తాటిముంజలు అమ్మే మనిషి కేక వీధి మొదట్లో మొదలై చివరికి వచ్చేసరికి అలసిపోవడం, ఎవరింట్లోనో మజ్జిగలో వేసిన కరివేపాకు వాసన. తిన్నె మీద నీళ్ళు చల్లుకుని మేము అయిదారుగురు ఆడపిల్లలం బోర్లా పడుకుని వామనగుంటలు ఆడేవాళ్ళం. చింతగింజలు చేతుల్లోనే ఉండగా లోపల మిషను చప్పుడు ఆగేది. అత్త చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది. అంతే, గింజలు గుంటల్లోనే ఉండిపోయేవి.

అత్త కళ్ళు తమిళం మీద నడిచేవి, నోరు తెలుగు చెప్పేది. పక్కింటి సెల్వి నాకంటే మూడేళ్ళు పెద్దది, తమిళ పిల్ల. మా ఇంట్లోనే సగం పెరిగింది కాబట్టి మా తెలుగంతా దానికి వచ్చు. ఒకరోజు అది అడిగింది.

"అత్తా, తమిళంలోనే చదివేస్తే అయిపోతాది గదా? ఎందుకు మార్చి మార్చి చెప్పేది?"

"మనింటి మాటల్లో వింటేనే బాగుంటాది. ఊరకుండి విను," అంది అత్త.

కథలో నీలి అనే పిల్ల ఉంది. నీలి తల్లి వలలు అల్లుతుంది. సముద్రపు రాజు ఆమెను తెల్లకొంగగా మార్చి ఏడు అలల కింద ఉన్న కోటలో దాచేస్తాడు. నీలి ఒంటికన్ను పీతను వెంటబెట్టుకుని ఒక్కొక్క అలనూ దాటుకుంటూ తల్లిని వెతుక్కుంటూ పోతుంది. ఆ పీత మా వీధికి చేపలు తెచ్చే ముసలాయన గొంతుతో మాట్లాడేది. సముద్రం అడుగున కూడా కుళాయి దగ్గర బిందెల వరస ఉండేది, దాంట్లో చేపలు పోట్లాడుకునేవి. మూడో అల కింద కూడా మా ఊళ్ళోలాగే మాసి మగం పండుగ జరిగేది, దేవుళ్ళు పల్లకీల్లో వస్తే ఎండ్రకాయలు భుజాలు మార్చుకుంటూ మోసేవి, అందరికీ దొన్నెల్లో శనగ గుగ్గిళ్ళు పంచేవాళ్ళు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే అనుకున్నాం. చివరికి ఏడో అల మీదికి కొంగ ఎగిరి వచ్చి రెక్కలు విదిలిస్తుంది, ఈకలన్నీ నీళ్ళ మీద రాలిపోతాయి, రాలిన చోట తల్లి నిలబడి ఉంటుంది. ఇంటికి వచ్చి నీలి తల దువ్వి, పాలతాలికలు వండి పెడుతుంది.

ఆ ముగింపు ఒక్కటీ మళ్ళీ చెప్పమని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అత్త విసుక్కోకుండా చెప్పేది. ప్రతిసారీ నీలి తల్లి వేరే ఏదో వండేది. ఒకసారి కుడుములు, ఒకసారి వడలు, ఒకసారి కొబ్బరి పాలు పోసిన ఇడియాప్పం. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. నేను కళ్ళు మూసుకున్నప్పుడు అత్త పుస్తకం వైపే చూడటం లేదని సెల్వి గమనించిందట. కానీ అప్పుడు నాకు చెప్పలేదు.

మరుసటి ఏడాదికి ఆ పుస్తకం సినిమాగా వచ్చింది. గులాబీ రంగు నోటీసులు ఎగరేస్తూ మైకు కట్టిన ఆటో వీధిలోకి వస్తే, దాని వెనక మేమంతా పరుగెత్తాం. నోటీసు మీద పీత బొమ్మ ఉంది. అది నాకు తెలిసిన పీత! ఆ వారమంతా నేను బళ్ళో మహారాణిని. కె. సుగుణకు కథంతా తెలుసంట అని పెద్ద తరగతుల వాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు. నేను కొంచెం కొంచెంగా చెప్పేదాన్ని. భయపడే చిన్నపిల్లలకు మాత్రం ముందే ధైర్యం చెప్పేదాన్ని, చివర్లో అమ్మ వచ్చేస్తుంది, ఏడవకండి అని.

కానీ అత్తకు ఆ సినిమా అంటే ఎందుకో పడలేదు. మొదట నాకు జలుబు అంది. తర్వాత పండుగ జాకెట్లు కుట్టాలి, తీరిక లేదు అంది. ఆ తర్వాత, "ఆ పడం బాగాలేదంట పాప్పా. ఊరికే చీకట్లో కూసోని కళ్ళు పోగొట్టుకోవాల," అంది. నేను అన్నం మానేశాను. రెండో పూట కూడా కంచం తోసేసరికి నాయన కల్పించుకున్నాడు.

"పోనీ అక్కా. ఒక్క పడమే గదా. దానికింకేం ఉండాది ఇంట్లో?"

"నీకు తెలీదురా," అంది అత్త.

"ఏంది తెలీనిది?"

అత్త సూదులు పెదవుల మధ్యనుంచి తీసి వాటిని పెట్టుకునే చిన్న దిండుకు గుచ్చింది. సెల్వి వాళ్ళమ్మ నన్ను తనతో తీసుకెళ్తానని చెప్పి పంపితే మాత్రం, "వద్దు, నేనే పిల్చుకోని పోతా," అంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు బయల్దేరాం. దారి పొడవునా అత్త నా మణికట్టు వదల్లేదు. హాలు గుమ్మం దగ్గర చూసుకుంటే ఆమె వేళ్ళ గుర్తులు తెల్లగా పడి ఉన్నాయి.

ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. సముద్రం సినిమా అని విని పిళ్ళైచావడి నుంచి జాలర్ల కుటుంబాలు బస్సులో వచ్చాయి. ఆడవాళ్ళ వైపు బెంచీల్లో మా ముందు వరసంతా వాళ్ళే. సరిగ్గా మా ముందు కూర్చున్న ముసలామె, చెవులకు బరువైన బంగారు తమ్మెట్లు వేలాడుతుండగా, మొదటి నిమిషం నుంచే తెరతో మాట్లాడటం మొదలుపెట్టింది. సముద్రం కనబడగానే ఆమె తమిళంలో అన్న మాటకు మూడు వరసలు నవ్వాయి. ఇది సముద్రమా, ఎవరింటి తొట్లో నీళ్ళు కదిలించి తీశారు అని. కానీ మొదటి పెద్ద అల లేచి తెర నిండా మీదికి వచ్చినప్పుడు, నేల మీద కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారిగా కాళ్ళు పైకి ఎత్తేశారు, తడుస్తాయని! అది చూసి నవ్వబోయిన నేను, నా కాళ్ళు కూడా బెంచీ మీదే ఉన్నాయని గమనించాను. ముసలామె కాళ్ళూ పైనే ఉన్నాయి.

పీత నోరు తెరిస్తే ఈలలు. సముద్రపు రాజు వస్తే తల్లుల కొంగుల్లోకి తలలు. ఎవరో ఒకాయనకు కోపం పట్టలేక చెప్పు తీసి రాజు మీదికి విసిరాడు, అది తెరకు తగిలి కిందపడితే హాలంతా చప్పట్లు. పక్కన చిన్నపిల్ల ఒకటి గుక్కపట్టి ఏడుస్తుంటే నేను పెద్దదానిలా వంగి, "ఏడవొద్దు, అమ్మ వస్తాది, నాకు తెలుసు," అని తమిళంలో చెప్పాను. అత్త ఆ మాట విని నా వైపు తిరిగింది. చీకట్లో ఆమె మొహం కనబడలేదు.

ఇంటర్వెల్‌లో వేరుశనక్కాయల పొట్లం కొనిచ్చింది. నేను ఒలుచుకుని తింటూ ఉంటే, తను ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోకుండా కాయల పొట్టు వేళ్ళతో పొడి చేస్తూ కూర్చుంది.

"తల నొస్తా ఉండాది పాప్పా. ఇంటికి పోదామా?"

"ఇప్పుడా! నువ్వు కావాలంటే పో అత్తా, నేను రాను."

"కాదు పాప్పా... ఈ పడమోళ్ళు ఏందేందో మారుస్తారు. మనం చెప్పుకున్న మాదిరి ఉండదు. చూడు..."

ఇంకా ఏదో చెప్పబోయింది. గంట మోగింది, దీపాలు ఆరిపోయాయి.

ఏడో అల వచ్చింది. కొంగ ఎగిరి వచ్చింది. నేను ఆగలేక బెంచీ మీదికి ఎక్కి నిలబడి, "చూడండి చూడండి, ఇప్పుడు ఈకలు రాలతాయి, వస్తాది!" అని అరిచాను. తమిళంలో అరిచానో తెలుగులో అరిచానో గుర్తులేదు. కొంగ నీలి తల చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి, మూడోసారి తిరిగింది. దూరంగా ఆకాశంలో కొంగల బారు పోతోంది. కొంగ అటు తిరిగి, ఆ బారులో కలిసిపోయి, ఏది తల్లో ఏది కాదో తెలియనంత చిన్నదైపోయింది. నీలి చాలాసేపు చూసింది. తర్వాత ఇసకలో కూర్చుని, తల్లి సగంలో వదిలేసిన వల ఒళ్ళోకి లాక్కుని, ఆగిపోయిన ముడి దగ్గర నుంచి అల్లడం మొదలుపెట్టింది.

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అంతసేపు తెరతో పోట్లాడిన ముసలామె కూడా నోరు మూసుకుంది. ముందు ఎక్కడో ఒక ముక్కు ఎగపీల్చిన చప్పుడు, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఆ మూల నుంచి ఈ మూల దాకా ఏడుపు నడిచొచ్చింది. మగవాళ్ళ వైపు ఎవరో లేచి, చివరి రీలు కత్తిరించేశారు, మోసం అని గట్టిగా అరిచారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అవును, అదే జరిగింది!

"అత్తా, ఇంకో రీలు ఉండాది. వెయ్యమని చెప్పు. పోయి చెప్పు అత్తా!"

దీపాలు వెలిగాయి. అత్త నన్ను బెంచీ మీద నుంచి దింపి ఎదురుగా నిలబెట్టుకుంది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"ఇంకో రీలు లేదు పాప్పా. కథ అంతే."

"నువ్వు చెప్పినావే, వస్తాదని?"

"నేను అబద్ధం చెప్పినా." అత్త నా భుజాలు వదల్లేదు. "పుస్తకంలో కూడా అంతే. మీ అమ్మ కూడా రాదు పాప్పా. చచ్చిపోయినాది. ఆ రోజే నీకు చెప్పాల్సింది. నాకు ధైర్యం లేక చెప్పకపోతిని."

నేను ఏడ్చాను. రెండేళ్ళుగా ఎక్కడ దాచిపెట్టానో తెలియని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. అమ్మా అని అరిచాను. సిగ్గనిపించలేదు, ఎందుకంటే చుట్టూ అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. ముందు వరస ముసలామె వెనక్కి తిరిగి, విషయం ఏమిటని అత్తను అడిగింది. అత్త చెప్పింది. ఆమె ఊరుకో, సినిమానే కదా అనలేదు. చేపల వాసన వేసే కొంగుతో నా ముక్కు తుడిచి, తమిళంలో అంది, "ఏడవనీ. ఇంతమందిమి ఏడుస్తున్నాం, ఈ పిల్ల ఒక్కతే ఎందుకు ఆపుకోవాలి?" ఆమె కొడుకు సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదని ఆ తర్వాత మాటల్లో తెలిసింది. నా పక్కనే కూర్చుని ఆమె కూడా కాసేపు ఏడ్చింది. హాలు కడిగే తాత ఫినాయిలు బకెట్టుతో తలుపు దగ్గర నిలబడి చూసి, మా వైపు రాకుండా అవతలి చివర నుంచి మొదలుపెట్టాడు. బయట తర్వాతి ఆటకు జనం తలుపులు కొడుతున్నా, మమ్మల్ని లెమ్మని ఎవరూ అనలేదు.

మూడు రోజులు అత్తతో మాట్లాడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అత్త మిషను సొరుగులోంచి ఆ పుస్తకం తీసి నా ముందు పెట్టింది. చివరి ఎనిమిది ఆకులూ తెల్లదారంతో, జాకెట్టు అంచు కుట్టినంత శ్రద్ధగా, సన్నటి కుట్లతో కలిపి కుట్టేసి ఉన్నాయి. నేను ఎప్పుడైనా తీసి చదువుకుంటానేమోనని ఆమె అంత పని చేసింది. కత్తెర నా చేతికిచ్చి, "నువ్వే విప్పుకో," అంది.

నేను ఒక్కొక్క కుట్టే కత్తిరించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. రానిచోట అత్త అందించింది, ఈసారి ఉన్నది ఉన్నట్టుగా. సినిమాలో లేనిది ఒకటి పుస్తకంలో ఉంది. నీలి వల అల్లుతూ ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతుంది. మా అమ్మ గురించి మీకు తెలిసింది ఒక్కటి చెప్పండి అని అడుగుతుంది. ఎవరు ఏది చెప్పినా ఆ వలలో ఒక ముడి వేసుకుంటుంది. పుస్తకం మూసి నేను అడిగిన మొదటి మాట అదే.

"అత్తా, అమ్మ గురించి ఒకటి చెప్పు."

అత్త నవ్వేసింది. "మీ అమ్మకు చేత్తో గుండీ కుట్టేది కూడా రాదు. నా దగ్గరికి పంపిస్తాది. పోస్టులో! కారైక్కాలుకి, ఒక్క గుండీ కోసరం చొక్కా!"

మా ఇంట్లో అమ్మ మాట మళ్ళీ మొదలైంది అప్పుడే.

ఆ సినిమా మా పేటలో చాలా వారాలు ఆడింది. వీధి రెండుగా చీలిపోయింది. పిల్లల్ని ఇంత ఏడిపించే సినిమా ఎందుకు వేశారని హాలు మేనేజరు దగ్గరికి పోయి దెబ్బలాడిన తల్లులున్నారు, ఆ తల్లుల్లోనే మూడోసారి చూడటానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కుళాయి దగ్గర, రేషను వరసలో, బడి గోడ మీద, ఎక్కడ చూసినా అదే వాదన, కొంగ రావాల్సిందా కాదా అని. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాయన ఎర్రటి కళ్ళతో ఇంటికి వచ్చాడు. ఏమైందంటే దూది దుమ్ము అన్నాడు. నాయన మధ్యాహ్నం ఆటలో ఆఖరి బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉండటం తాను చూశానని సెల్వి నా చెవిలో చెప్పింది. సినిమాలంటే మొహం తిప్పుకునే మనిషి! ఆ ఆదివారం తిన్నె మీద నా తలకు నూనె రాస్తూ తనే మొదలుపెట్టాడు.

"మీ అమ్మకు పడం మొదలైన పది నిమిషాలకే నిద్ర పట్టేస్తాది. నోరు తెరుచుకోని నిద్రపోతాది. ఇంటికొచ్చి, అంతా చూసిన మాదిరి పక్కింటోళ్ళకు కథ చెప్తాది. అసలు కథ కన్న అదే బాగుంటాది."

చెబుతూ చెబుతూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నూనె చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు, మంట పుట్టి ఇంకా ఏడ్చాడు. అత్త లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తూ తనూ నవ్వింది. మేం ముగ్గురం కలిసి అమ్మ కోసం ఏడ్చిందీ, నవ్విందీ ఒకేసారి.

ఆ హాలు ఇప్పుడు లేదు. దాని స్థలంలో మోటారుసైకిళ్ళ షోరూము అద్దాలు మెరుస్తుంటాయి. మిల్లు మూతపడింది. ఆ కూత లేక మా పేటలో ఇప్పుడు ఎవరి పొద్దు వాళ్ళదే. తిన్నెలు కొట్టేసి ఇనప గేట్లు పెట్టుకున్నారు. ఆ సినిమా ఎక్కడైనా దొరుకుతుందేమోనని మా అమ్మాయి ఫోనులో ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడు విల్లియనూరులో ఉంటున్న సెల్వి అయితే, చివర్లో తల్లి తిరిగి వచ్చేస్తుందని, తన కళ్ళతో చూశానని ఒట్టు వేసి చెబుతుంది. నేను సరిదిద్దలేదు. ఆ సినిమా తీసినవాళ్ళు ఎవరో, ఆ పుస్తకం రాసినవాళ్ళు ఏమయ్యారో నాకు తెలియదు. పిల్లలకు చేదు నిజం చెప్పవచ్చునని నమ్మిన ఆ మనుషులకు, ఆ రోజు నాతోపాటు ఏడ్చిన, నాకు పేర్లు తెలియని ఆ హాలు జనానికి నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ముందు అత్తకు. నన్ను కాపాడాలని అబద్ధమాడింది. ఆ అబద్ధం నిలవని రోజున నన్ను ఒంటరిగా పంపకుండా పక్కన కూర్చుని, అంతమందిలో తన తప్పు ఒప్పుకుంది.

నాయన చనిపోయాక అత్త నా దగ్గరే ఉంది. కిందటి ఏడాది, ఒక పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఆనుకుని కన్నుమూసింది. ఎదురింట్లో ఆరేళ్ళ యాళిని ఉంది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీతోనే అత్త ఒళ్ళో వాలి కథలు వినేది. దాని తల్లి గుమ్మంలోకి వచ్చి గుసగుసగా, "అవ్వ ఊరికి పోయిందని చెప్పేద్దాం అక్కా. చిన్నది, తట్టుకోలేదు," అంది.

నేను వద్దన్నాను. పిల్లను దగ్గరికి తీసుకుని చెప్పాను, అవ్వ చనిపోయిందని.

"మళ్ళీ రాదా?"

"రాదు కన్నా."

యాళిని పెద్దగా ఏడ్చింది. నేనూ దానితోపాటే ఏడ్చాను. వచ్చినవాళ్ళు ఊరుకోబెట్టబోతే వద్దని చెయ్యి చూపించాను. చాలాసేపటికి అది వెక్కిళ్ళు తగ్గించుకుని, మొహం ఎత్తి, అవ్వ చిన్నప్పుడు ఎలా ఉండేది అని అడిగింది. ఆమె చిన్నతనం నేనూ చూడలేదు. నాకు తెలిసినంత చెబుతానన్నాను. పెదవుల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది, ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు అని మొదలుపెట్టాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, నిజంగానా అంది.